వేసేది సరే, తీసి యాడ పారేస్తావ్?

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు నలభై కిలోమీటర్లు. ఆ దూరం టాటా ఏస్‌లో ఊగుతూ వచ్చిన రాతితొట్టి మా అక్క పెరట్లో దిగేసరికి పదకొండయింది. గ్రానైటు తొట్టి. మూడడుగుల అడ్డం, అడుగున్నర ఎత్తు, మూడంగుళాల మందం అంచు, చుట్టూ రేకుల చెక్కడం. మూడున్నర క్వింటాళ్లకు తగ్గదు. పాత లారీ టైరు పరిచి దాని మీదికి దొర్లించారు, లేకుంటే అంచు పెచ్చు లేచేది. అన్నకు ఆళ్లగడ్డలో రాతిపని షెడ్డుంది. దేవుడి విగ్రహాలతో పాటు ఈమధ్య ఇంటి ముందు పెట్టుకునే తొట్లు కూడా అడుగుతున్నారట. అక్క వృక్షశాస్త్రం చెప్పి రిటైరైంది. ఇంటి వెనక పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతు కొలను కట్టించి బేతంచెర్ల బండలు పరిపించింది. దాన్ని కొలను అంటే ఆమెకు నచ్చదు. "నీళ్లతొట్టి అను, చాలు" అంటుంది.

అన్న చేతిలో ఇంకా మూడు క్యారీబ్యాగులున్నాయి. గొడవ వాటి దగ్గర మొదలైంది. నేను మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ విన్నాను.

అన్న: చూడక్కా, కుందూ బ్రిడ్జి కింద పీక్కొచ్చినా. ఊదారంగు పూలు ఎంత బాగుండాయో. పైసా ఖర్చు లేదు. నెల తిరిగేలోపల నీ తొట్టి పచ్చగా నిండిపోతాది.

అక్క: గుర్రపుడెక్క! శుభమా అని కొత్త తొట్టి తెచ్చి, దాంతోపాటు దొంగను వెంటబెట్టుకొచ్చినావు గదరా. వేసేది సరే, తీసి యాడ పారేస్తావ్?

అన్న: పారేసేదేంది? ఇప్పుడే గదా తెచ్చింది.

అక్క: నిండినాక? అనువు దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతాది అది. ఈపొద్దు పది మొక్కలు వేస్తే రెండు నెల్లకు నూటఅరవై. గంపకెత్తి వీధి కాలువలో వేస్తావు. అది చామకాలువలోకి, అక్కణ్నుంచి కుందూలోకి, కుందూ పోయి కడప జిల్లాలో పెన్నలోకి.

అన్న: కుందూలో నుంచి తెచ్చిందే గదా, దాని ఇంటికి అది పోతాది.

నాకు నవ్వొచ్చింది. అక్కకు రాలేదు.

అక్క: దాని ఇల్లు కుందూ కాదు నాయనా, దక్షిణ అమెరికా. పూలు బాగుండాయని పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చినారు. అప్పుడు కూడా నీలాంటోడే ఎవడో అనుకునింటాడు, ఖర్చు లేని పూలని. ఇప్పుడు కొల్లేరు చూడు. 1983లో దాన్ని తినే ముక్కుపురుగును తెప్పించి బెంగళూరు పక్క చెరువుల్లో వదిలినారు. కొన్ని చెరువుల్లో పని చేసింది. అన్నిట్లో చేయలేదు. గింజలు బురదలో ఏండ్ల తరబడి పడుకుని, నీళ్లు తగ్గినప్పుడు మళ్లీ లేస్తాయి. నీ తొట్టి ఎండగట్టినా పోదు.

అన్న: అట్లయితే పరాయి మొక్కలొద్దు. మన మొక్కలే పెడదాం. ఇదిగో అంతరతామర. మా షెడ్డు పక్క కుంటలో పుట్టింది. దీనికి తెలుగు పేరు కూడా ఉంది. ఇంకేం కావాల నీకు?

అక్క: తేలుకు కూడా తెలుగు పేరుంది.

అని ఒక మొక్కను తీసి అరచేతిలో పెట్టుకుంది. చిన్న క్యాబేజీ విచ్చుకున్నట్టు ఉంది. ఆకుల మీద నూగు, నూగు మీద నీటిచుక్కలు పాదరసంలా పొర్లుతున్నాయి. కిందికి తిప్పితే జానెడు వేర్లు, తడిసిన కోడి ఈకల్లా అతుక్కుని వేలాడుతున్నాయి. నాకైతే చాలా అందంగా కనిపించింది. అక్క వేలు ఆ వేర్ల మీదికి పోయింది.

అక్క: మామూలు దోమపిల్ల ఊపిరికి పైకి రావాల. అప్పుడు చేప దాన్ని పట్టుకుంటాది. మాన్సోనియా అని ఒక దోమ ఉంది. దాని పిల్ల పైకి రాదు. ఈ వేరుకు గొట్టం గుచ్చి, మొక్క లోపలి గాలినే పీల్చుకుంటాది. చేపకు కనపడదు, నువ్వు నూనె పోసినా చావదు. కేరళలో ఒకరకం బోదకాలును మోసింది ఆ దోమే. అంతరతామర, గుర్రపుడెక్క, రెండూ దానికి కాపురాలే.

అన్న: మరి నీ గోడవార ఎర్రగా పూసిందే మెట్టతామర, అది యా దేశానిది?

అక్క కాసేపు మాట్లాడలేదు. అన్న నా వైపు చూసి కన్ను గీటాడు.

అక్క: అమెరికాదే. ఒప్పుకున్నా. పరాయిదా మనదా అని నేను చూడడం ల్యా. జమ్ము మనదే, దాంతో చాపలు అల్లుకున్నాం. అయినా నా తొట్టిలో వేయను. దాని దుంప మొన సందు దొరికితే బండల మధ్య దూరి సిమెంటు పగలగొడతాది. మెట్టతామర వేసిన చోటే లావెక్కుతాది. ఎక్కువైతే గడ్డ తవ్వి పక్కింటామెకిస్తా. తీసి ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. నేను చూసేది అదొక్కటే.

ఇక్కడ నేను కలగజేసుకున్నాను. పత్రికలకు రాసేవాడి దురద. ఫ్రాన్సులో జివర్నీ అనే పల్లెలో చిత్రకారుడు క్లోద్ మోనే 1893లో కలువల కోసం కొలను తవ్వించబోతే ఊరివాళ్లు అడ్డుపడ్డారని చెప్పాను. ఈ పరాయి మొక్కలు ఏటి నీళ్లు పాడుచేస్తే బట్టలెట్లా ఉతకాలి, గొడ్లేం తాగాలి అని వాళ్ల భయం. చివరికి అనుమతి దొరికింది. ఆ కొలనునే మోనే పాతికేళ్లకు పైగా బొమ్మలుగా గీశాడు.

అన్న: చూసినావా! ఊరి మాట వినింటే లోకానికి ఆ బొమ్మలు దక్కేవి కావు.

అక్క: ఆ కలువలు కొలను దాటి పోయేవి కావు గదా. లాటూర్ మార్లియాక్ అని ఒకాయన సంకరం చేసి పుట్టించిన రంగు కలువలవి. దుంప యాడుంటే మొక్క ఆడే. ఊరోళ్లు పొరపడింది మొక్క విషయంలో. భయం మాత్రం న్యాయమైందే. అదే జివర్నీలో గుర్రపుడెక్క వేసింటే ఏమయ్యేదో.

జివర్నీ చలికి గుర్రపుడెక్క బతికేది కాదని నాకు తెలుసు. చెప్పలేదు. ఆమె ఊపులో ఉంది.

అన్న: అసలు మొక్కలెందుక్కా? మహానంది గుండంలో ఒక్క మొక్కన్నా ఉందా? అడుగున గుండుసూది పడినా కనపడతాదంటారు. అంత తేటనీళ్లు.

అక్క: ఆడ నీళ్లు ఊట నుంచి వస్తానే ఉంటాయి, పోతానే ఉంటాయి. బయటికి పోయి అరటితోటలూ మడులూ పారతాయి. నిలవుంటే గదా మురగడానికి. నా తొట్టికి వచ్చే దారి బోరు, పోయే దారి ఎండ. నిలవ నీళ్ల మీద బోడిగా ఎండ పడితే వారంలో పచ్చడి. పైభాగం సగం నుంచి మూడింట రెండొంతుల దాకా ఆకు కప్పాల. కప్పితే అడుగున వెలుతురు తగ్గి పచ్చపాచి ఆగుతాది. పూర్తిగా కప్పినా చేపలకు గాలాడదు. కింద రెండు కట్టలు నాచుమొక్క. నీళ్లలో ఎరువంతా అదే తింటాది.

అన్న: నాచుమొక్క తీసి యాడ పారేస్తావు?

ఈసారి అక్క కూడా నవ్వింది. "ఎండబెట్టి చెట్ల పాదుల్లో వేస్తా" అని లోపలికి పోయి నిమ్మకాయ, కత్తి తెచ్చింది. తొట్టి గట్టు మీద మిగిలిపోయిన బేతంచెర్ల బండముక్క ఒకటుంది. దాన్ని గీరి పొడి చేసి నిమ్మరసం పిండింది. వంగి చూస్తే సన్నటి బుడగలు, చుయ్ మన్నట్టు. తర్వాత అన్న తొట్టి అంచు మీద పిండింది. ఏమీ లేదు. రసం జారిపోయింది.

అక్క: ఇది సున్నపురాయి. పులుపు తగిలితే పొంగుతాది. నీది గ్రానైటు, దానికి పట్టదు. నంద్యాల బోరు నీళ్లకే కాఠిన్యం ఎక్కువ, బక్కెట్టు అంచున తెల్లగా పేరుకుంటాయి చూడు. దానికి తోడు ఈ బండలు, కొత్త సిమెంటు. అందుకే నెలరోజులుగా నింపడం, వదలడం, నింపడం, వదలడం. మూడుసార్లయింది. నువ్వు ఈ తొట్టి తెస్తానంటేనే ఇన్నాళ్లు ఆగినా. తామర దాంట్లో, కలువలు దీంట్లో.

తొట్టికి ఇంత గౌరవం దక్కుతుందని అన్న అనుకోలేదు. గొంతు మారింది.

అన్న: తామర, కలువ వేరేవేరే ఎందుకు? ఒకే దాంట్లో వేస్తే నిండుగా ఉంటాది గదా. హైదరాబాదులో ఒక ఇంటికి అట్లే చేసిచ్చినా. అడుగున మట్టి పరిచి తామర నాటేసినా.

అక్క: తర్వాత?

అన్న: తర్వాత సంవత్సరం ఫోన్ చేసినారు. కలువల్లేవంట. తొట్టంతా తామరే.

అక్క: తామర పరిగెత్తే జాతిరా. బురదలో బారెడు బారెడు దుంప సాగదీస్తాది. అందుకే దానికి రాతి కోట కావాల, నువ్వు తెచ్చినట్టు గుండ్రంది. మూల ఉంటే మొన పోయి ఆడ ఇరుక్కుని మెడ విరుచుకుంటాది. కలువ అట్ల కాదు, తట్టలో పెట్టి మునగేస్తే ఆడే కూర్చుంటాది.

ఆకును బట్టి కూడా చెప్పవచ్చని నాకు చూపించింది. తామరాకు నిండు గుండ్రం, కాడ నడుమ నుంచి వస్తుంది, పెరిగేకొద్దీ నీళ్లు వదిలి పైకి లేస్తుంది. కలువాకుకు ఒకచోట అంచు నుంచి కాడ దాకా చీలిక, అది నీళ్ల మీదే పరుచుకుంటుంది. ఈ రెండింటికీ తేడా తెలియకుండానే తామరాకు మీద నీటిబొట్టు సామెతను చాలాసార్లు వాడేశాను.

అన్న: కలువకు ఇప్పుడు గిరాకీ ల్యాక్కా. ముందు మన రాష్ట్రపుష్పం. 2018లో దాన్ని తీసి మల్లెకిచ్చినారు. ఉద్యోగం పోయిన పువ్వది.

అక్క: ఉద్యోగం పోయినా పని చేస్తానే ఉంది. నువ్వు తొట్లు అమ్మేటోనివి గదా, ఒకటి చెప్తా విను. నీ హైదరాబాదు వాళ్లు ఇంట్లో ఎప్పుడుంటారు?

అన్న: ఎనిమిదికి పోతే రాత్రి ఏడుకో ఎనిమిదికో వస్తారు.

అక్క: తామర తెల్లారి విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటాది. వాళ్లు దాన్ని ఆదివారం తప్ప చూడరు. ఎర్రకలువ, తెల్లకలువ పొద్దుగూకినాక విచ్చుతాయి, మర్నాడు పొద్దెక్కే దాకా ఉంటాయి. ఆఫీసుకు పోయేటోళ్లకు అవి ఇయ్యి. నల్లకలువ పగలు పూస్తాది, వాసనుంటాది. అది నాలాగా ఇంట్లో ఉండేటోళ్లకు. పువ్వు రంగు కాదురా అడగాల్సింది, ఇంటికి ఎన్నింటికి వస్తారని అడగాల.

అన్న జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. రాళ్ల కొలతలు రాసుకునే పుస్తకం.

మూడో సంచిలో కడియం నర్సరీ నుంచి వచ్చిన తామరదుంప, తడి నాచులో చుట్టి ఉంది. దానితో పాటు తెగిన తామరగింజల మాల. రాతితొట్టికి అడుగున ఆరంగుళాలు నల్లరేగడి పోశారు. అన్న కుండీల అంగట్లో కొన్న కొబ్బరిపొట్టు మట్టి కూడా తెచ్చాడు. అది నీళ్లు పోయగానే తేలి పైకొస్తుందని అక్క పక్కన పెట్టేసింది. పచ్చి పేడ కూడా వద్దంది, కుళ్లి నీళ్లు నల్లబడతాయట. రేగడిని చేత్తో పిసికి గుంటచేసి, దుంపను అడ్డంగా పడుకోబెట్టి, మొన మాత్రం బురద పైకి తేలేలా వదిలింది. మొన విరిగితే ఆ దుంప మీద ఆశ తగ్గించుకోవాలట. ఆమె ఊపిరి బిగబట్టి చేసిన పని ఇదొక్కటే.

అన్న: మాల గింజలు కూడా వేద్దాం. నూటఎనిమిది ఉండాయి.

అక్క: బెజ్జం చూడు, నట్టనడుమ పోయింది. లోపలి మొలక గుండా దారం గుచ్చినాక ఏం మొలుస్తాది? కుళ్లుతాది. బెజ్జం పడనిది ఏదన్నా ఉంటే వెతుకు.

ఒకటి దొరికింది. మాల చివర, బెజ్జం వేయడం మరిచిపోయి జిగురుతో అంటించింది. నల్లగా, చిన్న రేగిపండు విత్తులా గట్టిగా ఉంది. అక్క దాన్ని తొట్టి అడుగుభాగం మీద, చెక్కని గరుకు చోట, రుద్దింది. గంధం అరగదీసినట్టు. నల్లపెంకు కింద నుంచి గోధుమరంగు, దాని కింద మీగడ రంగు చుక్క కనిపించగానే ఆపింది. గాజుగ్లాసు నీళ్లలో వేస్తే టప్పున మునిగింది.

అక్క: ఈ పెంకు రుద్దకపోతే నీళ్లు లోపలికి పోవు. నీళ్లు పోకపోతే మొలవదు, కుళ్లదు. అట్ల కూర్చుంటాది. 1951లో జపాన్‌లో ఓగా అనే శాస్త్రవేత్త పాత ఏటి మట్టి పొరల్లో మూడు గింజలు తవ్వి తీసినాడు. దాదాపు రెండువేల ఏండ్లవని లెక్క. ఒకటి మరుసటేడు పూసింది. చైనా ఉత్తరాన ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన ఇంకొక గింజ, 1300 ఏండ్లది, ప్రయోగశాలలో మొలిచింది.

అన్న: వెయ్యేండ్లుంటాదని నా రాయిని అమ్ముతాంటి. గింజ కూడా ఉంటాదా?

అక్క: నీ రాయి మొలవదు గదా.

అన్నకు ఇది గట్టిగానే తగిలింది. కాసేపు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తన వంతు తీర్చుకున్నాడు.

అన్న: అంతా బాగుందిక్కా. దోమలకేం చేస్తావ్? శుక్రవారం శుక్రవారం డ్రై డే అని తొట్లు బోర్లించమంటారు. ఈ తొట్టి బోర్లిస్తావా? మూడున్నర క్వింటాళ్లు.

అక్క: చేపలు. ఓ పది గప్పీలు, తొట్టిలో మూడు, దీంట్లో ఏడు. వారం పదిరోజుల్లో దోమపిల్ల దోమవుతాది, అంతలోపల ఇవి తినేస్తాయి. గంబూసియా మాత్రం వద్దు, కప్పపిల్లల్ని కూడా మింగుతాది.

అన్న: గప్పీ మనదేనా?

అక్క: ...కాదు.

అన్న: వానొచ్చి తొట్టి పొంగితే అది కూడా చామకాలువే గదా.

అక్క: పొంగే దారికి జల్లెడ కడతా.

"కడతావులే" అన్నాడు అన్న. నా లెక్కలో ఈ రౌండు అతనిది. జల్లెడ ఎండుటాకులతో మూసుకుపోతుందని ముగ్గురికీ తెలుసు.

ఫౌంటెన్ విషయంలో కూడా అక్క మొత్తం గెలవలేదు. నంది నోట్లోంచి నీళ్లు పడేలా ఒక రాయి చెక్కుతానని అన్న ఎప్పటి నుంచో అంటున్నాడు. కలువాకు ఊపిరి రంధ్రాలు పైముఖానే ఉంటాయి, మీద తుంపర పడుతూ ఉంటే కుళ్లుతుంది, కలువకు కదలని నీళ్లు కావాలి అని అక్క. నందిని దూరపు మూలలో పెట్టి ధార గోడకు తగిలి జారేలా చేస్తానని అన్న. నవనందుల ఊళ్లో నంది లేని కొలనేందని అతని పట్టు. మూల ఖరారైంది. గట్టు చుట్టూ ఏం పెట్టాలో ఇద్దరికీ తగాదా రాలేదు. సరస్వతాకు, వస, పొన్నగంటికూర. పొన్నగంటి నర్సరీలో కొనకుండా తెలిసినవాళ్ల దొడ్లో అడుక్కోమంది అక్క. దానిలాగే ఉండే విదేశీ కలుపు ఒకటుంది. పొన్నగంటికి పువ్వు ఆకుసందులోనే అంటుకుని కూర్చుంటుంది. కలుపుకు పువ్వు కింద కాడ ఉంటుంది. అది గనక చేరితే కూర వండుకుని కూడా తీర్చలేమట.

అన్న: చివరిమాట. ఏప్రిల్, మే నెల్లలో నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీలు. ఆ ఎండలో ఇదంతా యాడ నిలుస్తాది? మేం ఆళ్లగడ్డలో ఆ నెల్లలో తెల్లారి నాలుక్కే ఉలి పడతాం.

అక్క: లెక్కేసినా. రోజుకు ఒక సెంటీమీటరు ఆవిరైతే, అరవై చదరపు అడుగుల తొట్టికి యాభై ఆరు లీటర్లు. నాలుగు బిందెలు. బట్టలుతికిన సబ్బునీళ్లు పోయలేను, బోరు నీళ్లు పోస్తే సున్నం. వానాకాలంలో మిద్దె నీళ్లు పట్టిపెట్టుకోవాల. అవి అయిపోతే కలువల తట్టలు రెండు తీసేసి, ఒకటే ఉంచి, నీళ్లు తగ్గించుకుంటా. తామరకు ఎండంటే ఇష్టమే, నీళ్లుంటే చాలు. నీ గుర్రపుడెక్క ఉన్నింటే ఆ నాలుగు బిందెలు కూడా చాలేవి కావు. దాని ఆకు గుండా పోయే నీళ్లు ఎక్కువ.

అన్న: నీళ్లు లేని ఊర్లో నీళ్ల మొక్కలు. ఇదంతా ముసలితనంలో పిచ్చి అక్కా.

అక్క: అవును. నాలుగు బిందెల పిచ్చి. ఆరు బిందెలైతే మానేస్తా.

రెండు సంచుల్లోని గుర్రపుడెక్కను, అంతరతామరను అక్క మిద్దె మీద ఎండలో పరిచింది. మేం అన్నాలు తిని వచ్చేసరికి ఈకల్లాంటి వేర్లు దారాల్లా అయిపోయాయి. సాయంత్రం అన్న బండెక్కాడు.

గింజ అయిదో రోజున పగిలి, పచ్చటి కొక్కెంలాంటి మొలక బయటికి వచ్చింది. అక్క ఫొటో పంపితే అన్న బొటనవేలు బొమ్మ పెట్టాడు. నెలన్నర గడిచాక ఒక రాత్రి ఫోన్. అక్క స్పీకర్‌లో పెట్టింది.

"అక్కా, తిట్టొద్దు. ఆపొద్దు సంచిలో నుంచి ఒక అంతరతామర తీసి దాచిపెట్టుకున్నా. షెడ్డులో పగిలిపోయిన తొట్టొకటుంటే దాంట్లో వేసినా. బాగుంటాదిలే అని."

"ఎన్నయినాయి?"

"పద్దెనిమిది. వీధి కాలువలో వేయలేదు, ఒట్టు. ఇప్పుడు చెప్పు, తీసి యాడ పారేయాల?"